నెలకు ఆరు డ్యూటీలు: రేడియో కొలువుకు ఎన్ని దారులు

తెల్లవారుజామున తిరుపతి ఇంకా పూర్తిగా లేవకముందే ఆకాశవాణి స్టూడియోలో ఒకరు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చుని ఉంటారు. ముందు ప్రసారాల వరుస రాసి ఉన్న క్యూ షీటు, పక్కన నీళ్ల సీసా, ఎదురుగా గోడ మీద సెకన్ల ముల్లు తిరిగే గడియారం. వాల్టర్ కాఫ్‌మన్ కట్టిన ఆ పాత సిగ్నేచర్ ట్యూన్ వస్తుంది. తర్వాత వందేమాతరం, మంగళధ్వని. అప్పుడు ఫేడర్, అంటే శబ్దాన్ని పెంచే తగ్గించే మీట, పైకి జరుగుతుంది. ‘ఆకాశవాణి, తిరుపతి కేంద్రం’ అన్న మాట చంద్రగిరి పక్క పల్లెలో పాలు పితికే కొట్టానికీ, బస్టాండు దగ్గర టీ బంకుకీ ఒకే క్షణంలో చేరుతుంది.

వినేవాళ్ల లెక్కలో ఆ గొంతు రేడియో ఉద్యోగిది. కానీ ఈ రోజుల్లో అలాంటి గొంతుల్లో చాలావాటికి ఆ భవనంలో సొంత కుర్చీ లేదు, సర్వీసు రిజిస్టరు లేదు. వచ్చే వారం డ్యూటీ పడిందో లేదో చార్టు చూస్తే కానీ తెలియదు. తొమ్మిదింటికల్లా అదే మనిషి ఏ ప్రైవేటు స్కూల్లోనో తెలుగు పాఠం చెబుతూ ఉండొచ్చు, సెల్ షాపు తెరుస్తూ ఉండొచ్చు, పిల్లలకు క్యారియర్లు సర్దుతూ ఉండొచ్చు. ప్రభుత్వ రేడియోలో పనిచేసేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు, ఎక్కడికి పోతారు అన్నది వెతికితే, ఒక్క తిరుపతి స్టేషన్‌లోనే అరడజను వేర్వేరు జీవితాలు కనిపిస్తాయి.

‘రేడియోలో పని’ అన్న ఒక్క మాట కింద నిజానికి ఒకదానితో ఒకటి కలవని కొలువులు చాలా ఉన్నాయి. డ్యూటీ రూమ్‌లో కూర్చుని, షీటు ప్రకారం ప్రసారం నడుస్తోందా లేదా అని చూసేది ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్. ప్రసంగాలు, నాటకాలు, సంగీతం ప్లాన్ చేసి, మనుషుల్ని పిలిపించి, రికార్డు చేయించేది ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్. కంట్రోల్ రూమూ ట్రాన్స్‌మిటరూ ఇంజినీరింగ్ వాళ్లవి. అనౌన్సర్లది ఒక వరుస, వీణ, వయొలిన్, మృదంగం వాయించే నిలయ విద్వాంసులది ఇంకో వరుస. ఒక వరుసలో చేరినవాళ్లు ఇంకో వరుసలోకి మారడం అరుదు. ముప్పై ఏళ్లు పక్కపక్కన పనిచేసి, ఒకే క్యాంటీన్‌లో టీ తాగి, వేర్వేరు నిచ్చెనలు ఎక్కి రిటైరయినవాళ్లు ప్రతి కేంద్రంలోనూ ఉంటారు.

వార్తల సంగతి ఇంకా వేరు. న్యూస్ సర్వీసెస్ డివిజన్‌లో పై పోస్టుల్లో ఉండేది ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ అధికారులు. వాళ్లు ఇవాళ రేడియో న్యూస్‌రూమ్‌లో ఉంటారు, రేపు పత్రికా సమాచార కార్యాలయానికి వెళతారు, ఎల్లుండి దూరదర్శన్ వార్తలకో పబ్లికేషన్స్ డివిజన్‌కో బదిలీ అవుతారు. అంటే రేడియో వార్తల నిచ్చెన పై మెట్టు మీద ఉన్న మనిషికి రేడియో ఒక మజిలీ మాత్రమే. కింది మెట్టు మీద షిఫ్టుకు ఇంత అని బుక్ అయ్యే న్యూస్ రీడర్లకు, ట్రాన్స్‌లేటర్లకు మాత్రం అదే పుట్టిల్లూ అత్తిల్లూ.

తిరుపతిలో జర్నలిజం చదివే పిల్లలు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ప్రైవేటు ఎఫ్‌ఎంలకు సొంత వార్తలు చెప్పే అనుమతి మన దేశంలో లేదు. 2011 నాటి మూడో దశ విధానం ఆకాశవాణి బులెటిన్లను మార్పు లేకుండా వేసుకోనిచ్చింది, అంతవరకే. కమ్యూనిటీ రేడియోలదీ అదే పరిస్థితి. కాబట్టి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ చదివిన అమ్మాయి పత్రికకు వెళ్లాలంటే పది గుమ్మాలు, టీవీకి వెళ్లాలంటే ఇరవై గుమ్మాలు. రేడియో వార్తల్లోకి వెళ్లాలంటే మాత్రం ఒక్కటే గుమ్మం. ఆ గుమ్మం ఎంత తెరిచి ఉందన్నదే అసలు ప్రశ్న.

ఒకప్పుడు అది బార్లా తెరిచి ఉండేది. బి.వి. కేస్కర్ సమాచార ప్రసార మంత్రిగా ఉన్న 1950ల్లో పేరున్న సాహితీవేత్తలనూ సంగీతజ్ఞులనూ ప్రొడ్యూసర్లుగా రేడియోలోకి పిలిచారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి హైదరాబాద్ కేంద్రానికి వచ్చింది ఆ రోజుల్లోనే. హైస్కూలు చదువు కూడా పూర్తి చేయని రావూరి భరద్వాజ 1959లో అదే కేంద్రంలో చేరి, 1987 దాకా పనిచేసి, తర్వాత 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నారు. డిగ్రీ సర్టిఫికెట్ అడిగే ఇవాళ్టి నోటిఫికేషన్ ముందు ఆయన దరఖాస్తు మొదటి వడపోతలోనే పోయేది. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన కొంగర జగ్గయ్య సినిమాల్లోకి వెళ్లి, 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు కూడా వెళ్లారు. అటూ ఇటూ దారులు తెరిచి ఉన్న కాలం అది.

బాలాంత్రపు రజనీకాంతరావు గారి ప్రయాణం వీళ్లందరికంటే నిండైనది. 1941లో మద్రాసు రేడియోలో చేరారు. పాట రాశారు, వరుస కట్టారు, పాడారు. 1947 ఆగస్టు 15న టంగుటూరి సూర్యకుమారి గొంతులో మద్రాసు రేడియో వినిపించిన ‘మాది స్వతంత్ర దేశం’ ఆయనదే. తెలుగు వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. స్టేషన్ డైరెక్టర్ స్థాయికి ఎదిగి 1978లో రిటైరయ్యాక వేంకటేశ్వర కళాపీఠానికి డైరెక్టర్ అయ్యారు, ఆ తర్వాత ఎమెరిటస్ ప్రొడ్యూసర్‌గా మళ్లీ రేడియో గడప తొక్కారు. పాటగాడు, పరిశోధకుడు, పాలనాధికారి అన్న ముగ్గురూ ఒకే మనిషిలో ఉండటాన్ని ఆ రోజుల్లో ఆకాశవాణి తప్పుపట్టలేదు. ఆ గుణమే ఆ సంస్థకు బలం. ఇవాళ్టి నియామక పద్ధతిలో అలాంటి మనిషి ఏ ఖాళీలో ఇముడుతారో చెప్పడం కష్టం.

గుమ్మం ఒక్కరోజులో మూసుకుపోలేదు. కాంట్రాక్టు మీద ఉండే స్టాఫ్ ఆర్టిస్టులకు 1980ల్లో ప్రభుత్వోద్యోగుల హోదా వచ్చింది. అది న్యాయమే, పెన్షన్ లేకుండా గొంతు అరగదీసుకున్నవాళ్లకు దక్కవలసిన న్యాయం. 1990లో పాసయిన ప్రసార భారతి చట్టం 1997లో అమల్లోకి వచ్చి రేడియో, దూరదర్శన్ ఒక కార్పొరేషన్ కిందికి వెళ్లాయి. పాత ఉద్యోగులు కేంద్ర ప్రభుత్వ మనుషులా, కార్పొరేషన్ మనుషులా అన్న పంచాయతీ ఏళ్ల తరబడి నడిచింది. చివరికి 2007 అక్టోబర్ 5కు ముందు చేరినవాళ్లను ప్రభుత్వోద్యోగులుగానే, డిప్యుటేషన్ మీద ఉన్నట్టుగా లెక్కించాలని చట్టాన్ని సవరించారు. ఈ మధ్యలో రిటైరయిన అనౌన్సరు కుర్చీ ఖాళీ అయితే ఖాళీగానే ఉండిపోయింది. నిలయ విద్వాంసుడు వెళ్లిపోతే ఆ వాయిద్యమూ స్టూడియో నుంచి వెళ్లిపోయింది. చాలా విరామం తర్వాత 2013లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ద్వారా ప్రోగ్రామ్ ఎగ్జిక్యూటివ్‌లకూ ట్రాన్స్‌మిషన్ ఎగ్జిక్యూటివ్‌లకూ పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష బ్యాంకు పరీక్షల తరహాలో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించేది. దాంట్లో నెగ్గి వచ్చిన కొత్తవాళ్లలో పని మీద ప్రేమతో రేడియో నేర్చుకున్నవాళ్లు ఉన్నారు. కానీ చెవి ఉందా, తెలుగు నుడికారం తెలుసా అని ఆ ప్రశ్నపత్రం అడగలేదు.

ఇప్పుడు ఒక కేంద్రంలో ఒకే బల్ల చుట్టూ మూడు రకాల మనుషులు కూర్చుంటారు. 2007కు ముందు చేరిన ప్రభుత్వోద్యోగులు, ఆ తర్వాత వచ్చిన కార్పొరేషన్ ఉద్యోగులు, డ్యూటీకి ఇంత అని బుకింగ్ మీద వచ్చే క్యాజువల్స్. మొదటి రకం ఏటా తగ్గుతోంది. రెండో రకం ఎప్పుడూ కొద్దిమందే. కేంద్రం గొంతు మూడోవాళ్ల మీదే నిలబడి ఉంది.

క్యాజువల్ అనౌన్సర్ కావడం తేలిక అనుకుంటే పొరపాటు. ముందు రాత పరీక్ష. అది దాటితే స్టూడియోలో వాయిస్ టెస్టు. అభ్యర్థి మైకు ముందు ఒంటరిగా కూర్చుంటారు. జడ్జీలు వేరే గదిలో స్పీకర్ దగ్గర కూర్చుని వింటారు, ముఖం చూడరు. చేతికిచ్చిన కాగితంలో ‘ప్రశంస’ ఉంటుంది, సగం మంది నోట అది ‘ప్రసంశ’ అయిపోతుంది. ‘శ్రీకాళహస్తీశ్వరుడు’ ఉంటుంది, ‘ళ’ పలికిందా లేదా అక్కడ తేలిపోతుంది. ఒత్తు అక్షరాలు మింగేయడం మన వైపు పిల్లల్లో కాస్త ఎక్కువ, అదే చాలామందిని వెనక్కి పంపుతుంది. నెగ్గినవాళ్లు ప్రసార భారతి ‘వాణి’ సర్టిఫికెట్ కోర్సు చేయాలి. ఆ తర్వాత డ్యూటీలకు పిలిచేవాళ్ల జాబితాలో, అంటే ప్యానెల్‌లో, చేరతారు.

ఇంత వడపోతకూ దక్కేది నెలకు గరిష్ఠంగా ఆరు డ్యూటీలు. ఏడాది మొత్తం ఒక్కటీ తప్పకుండా చేసినా 72. ఈ హద్దు ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు. అంతకు మించి పని ఇస్తే పర్మనెంట్ చేయమని అడిగే హక్కు పుడుతుందన్న భయం. అయినా దేశంలో చాలాచోట్ల క్యాజువల్స్ ట్రిబ్యునళ్లకూ కోర్టులకూ వెళ్లారు. పదిహేను, ఇరవై ఏళ్లు ఒకే మైకు ముందు కూర్చున్న మనిషి సెలవు చీటీ రాయాల్సిన అవసరమే లేకుండా, జీతం స్లిప్పు అంటే ఏమిటో చూడకుండా బతకడం మామూలు విషయం కాదు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ తన గొంతును ఇంత చవకగా వాడుకోవడం తప్పు.

మరి ఎందుకు చేస్తారు? డబ్బు కోసం కాదని ఎవర్ని అడిగినా చెబుతారు. రేడియో వల్ల వేరే పనులు దొరుకుతాయన్నది ఒక కారణం, అది నిజం కూడా. రెండో కారణం, ఊళ్లో గుర్తింపు. ఆటో ఎక్కి అడ్రస్ చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగి, ‘మేడమ్, మీది రేడియోలో వినే గొంతు కదా’ అన్న రోజు ఆ నెల మొత్తానికి సరిపోతుంది.

సంగీతం వాళ్ల దారి దీనికి కొంచెం భిన్నం, కొంచెం మెరుగు. దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో డిప్లొమా చేసిన విద్యార్థి ఆకాశవాణి ఆడిషన్‌కు వెళితే బి గ్రేడ్, ఇంకా బాగా పాడితే బి-హై, ఏళ్ల సాధన తర్వాత ఎ గ్రేడ్, ఆపైన టాప్. అది ఉద్యోగం కాదు, ఏడాదికి కొన్ని బుకింగులు మాత్రమే. కానీ ఆ గ్రేడు కచేరీ ఆహ్వానపత్రిక మీద పేరు కింద అచ్చవుతుంది, పాట నేర్పే టీచరుకు పదిమంది పిల్లల్ని తెచ్చిపెడుతుంది. రేడియో ఇక్కడ జీతం ఇవ్వకుండానే ఒక జీవనోపాధికి ముద్ర వేస్తుంది.

జిల్లా విలేకరి దారి బయటికి పెద్దగా కనిపించదు, కానీ రేడియో జర్నలిజం అనదగ్గది జిల్లాలో ఉందంటే అదే. ఆకాశవాణి ప్రతి జిల్లాకూ ఒక పార్ట్‌టైమ్ కరస్పాండెంట్‌ను పెట్టుకుంటుంది. నోటిఫికేషన్లలో వయసు 24 నుంచి 45 మధ్య ఉండాలంటారు, జర్నలిజం చదువో అనుభవమో అడుగుతారు, జిల్లా కేంద్రానికి 10 కిలోమీటర్ల లోపు నివాసం ఉండాలంటారు. నెలకు కొంత రిటైనర్ ఇస్తారు. దానితో ఇల్లు గడవదు కనుక ఈ పని చేసేవాళ్లు లెక్చరర్లో, లాయర్లో, పత్రికల్లో పనిచేసి విరమించినవాళ్లో అయి ఉంటారు.

ఆ 10 కిలోమీటర్ల నిబంధన మన జిల్లాలో ఎంత ఇబ్బంది పెట్టగలదో ఆలోచించండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడేదాకా జిల్లా కేంద్రం చిత్తూరు. వార్తలు పుట్టేది మాత్రం ఎక్కువగా సుమారు 70 కిలోమీటర్ల అవతల తిరుపతి, తిరుమలలో. ప్రధాని దర్శనానికి వచ్చినా, ఘాట్ రోడ్డులో కొండచరియ విరిగిపడినా, చిత్తూరులో ఉన్న విలేకరికి ఫోనే దిక్కు. జిల్లాల విభజనలో ఎవరికి ఏం ఒరిగిందన్న చర్చ ఎలా ఉన్నా, రేడియో విలేకరికి ఊరూ వార్తా ఒక్కచోటికి చేరాయి.

ఆ విలేకరి పనిలో అసలు కష్టం కుదించడం. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయి, లారీలు, ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయం వచ్చింది. పత్రికలకు అది జిల్లా పేజీ నిండా వార్త. ప్రాంతీయ వార్తల బులెటిన్‌లో మూడు వాక్యాలు దక్కితే ఎక్కువ. ఆ మూడింటిలో ధర ఎంత, ఎవరు ఎంత ఇస్తారు, రైతు ఏం చేయాలి అన్నవి ఇమడాలి. అంకె చదివేటప్పుడు వినేవాడు వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోలేడన్నది గుర్తుండాలి. పత్రిక నుంచి వచ్చిన విలేకరికి ఇది కొత్త విద్య. అలవాటైతే మాత్రం జీవితాంతం పనికొస్తుంది.

సాగు కార్యక్రమాల దారి మట్టిలోంచి వస్తుంది. 1966లో ఆకాశవాణి కేంద్రాల్లో వ్యవసాయ విభాగాలు మొదలైనప్పుడు వ్యవసాయం చదివినవాళ్లను ఫార్మ్ రేడియో రిపోర్టర్లుగా తీసుకున్నారు. తిరుపతికి ఈ విషయంలో కొదవలేదు. వ్యవసాయ కళాశాల, పశువైద్య కళాశాల, పరిశోధన కేంద్రం అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. శాస్త్రవేత్తను స్టూడియోకు పిలిపించడం సులువే, ఆయన మాటను రైతు మాటగా మార్చడమే కష్టం. ఆయన కాగితంలో ‘వేరుశనగలో తిక్కాకు తెగులు యాజమాన్యం’ అని రాసుకొస్తారు. పలమనేరు వైపు రైతుకు అది ‘చెనిక్కాయ చెట్టుకు ఆకుమచ్చ’. రికార్డింగ్‌కు ముందు పది నిమిషాలు టీ తాగిస్తూ, ‘సార్, కాగితం పక్కన పెట్టి మీ ఊళ్లో మీ నాయనకు చెప్పినట్టు చెప్పండి’ అని ఒప్పించగలిగిన మనిషే మంచి ఫార్మ్ రిపోర్టర్. ఇది ఏ పరీక్షలోనూ అడగరు. ఈ పని చేసినవాళ్లు తర్వాత వ్యవసాయ పత్రికలకు రాశారు, విత్తన కంపెనీల్లో రైతు శిక్షణకు వెళ్లారు, ఇప్పుడు యూట్యూబ్‌లో పంటల వీడియోలు చేస్తున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల వీడియోల్లో తెలుగు తేటగా వినిపించడానికి కారణం ఆ పాత స్టూడియో.

ఇంజినీర్ల గురించి పొడవుగా చెప్పనక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమాతోనో డిగ్రీతోనో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌గా చేరి, రేడియోకూ దూరదర్శన్‌కూ మధ్య బదిలీలతో సర్వీసు గడుపుతారు. 2022 మార్చి నాటికి దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు మూతపడటంతో అక్కడి వాళ్లు చాలామంది ఇతర కేంద్రాలకు సర్దుబాటయ్యారు. స్పూల్ టేపు మీద పసుపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, దగ్గును తీసేసి అతికించిన చేతులే కంప్యూటర్ మీద ఎడిటింగ్ నేర్చుకున్నాయి. ఒకే ఉద్యోగంలో రెండు యుగాల పని చేసినవాళ్లు వీళ్లు.

ఇక రేడియో నుంచి బయటికి పోయే దారులు. తిరుపతిలో అవి చాలావరకు కొండ వైపే తిరుగుతాయి. బ్రహ్మోత్సవాల్లో వాహన సేవలకు ప్రత్యక్ష వ్యాఖ్యానం ఆకాశవాణి చాలాకాలంగా చేస్తోంది. ఆ పని ఎంత కష్టమో ఒక్క గరుడ సేవ రాత్రి చూస్తే అర్థమవుతుంది. వాహనం నాలుగు మాడ వీధుల్లో అడుగడుగునా హారతుల దగ్గర ఆగుతూ కదులుతుంది. గంటల తరబడి కంటి ముందు దృశ్యం పెద్దగా మారదు, మాట మాత్రం ఆగకూడదు. అలంకారం చెప్పాలి, పురాణం చెప్పాలి, అన్నమయ్య పదం ఒకటి సమయానికి గుర్తురావాలి, గోవింద నామాల హోరు లేచినప్పుడు నోరు మూసుకుని ఆ హోరును వినిపించడం తెలియాలి. ఇక్కడ రాటుదేలిన గొంతులకు 2008లో దేవస్థానం భక్తి చానల్ మొదలయ్యాక ఇంకో వేదిక దొరికింది. తప్పిపోయిన యాత్రికుల పేర్లను తెలుగులో, తమిళంలో, కన్నడంలో, హిందీలో మైకులో పిలిచే తిరుమల ప్రకటనలు కూడా ఒక రకంగా రేడియో పనే. సరిహద్దు జిల్లాలో పుట్టి రెండు మూడు భాషలు ఇంట్లోనే నేర్చుకున్నవాళ్లకు అది సహజంగా వస్తుంది.

మిగతావాళ్లు డబ్బింగుకు, ఆడియో పుస్తకాలకు, ప్రైవేటు ఎఫ్‌ఎంలకు, కాలేజీల్లో పాఠాలకు వెళతారు. సభల్లో వ్యాఖ్యాతలవుతారు. కొందరు ఎక్కడికీ వెళ్లరు, ఆ ఆరు డ్యూటీలు వదలరు.

వాళ్లు వదలకపోవడం వల్లే ఇంకో పని జరుగుతోంది. హైదరాబాద్‌తో కలిపి దేశంలో ఐదుచోట్ల ఉన్న ఆకాశవాణి ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసేయాలని 2018 చివర్లో నిర్ణయం వచ్చింది. అప్పటి నుంచి కొత్తవాళ్లకు పని నేర్పే బడి చాలావరకు డ్యూటీ రూమే. ఒక రోజు సంగతి: విజయవాడ నుంచి వచ్చే వార్తలను అందుకుని వినిపించే రిలేకు నాలుగు నిమిషాల పది సెకన్లు ఉన్నాయి. చేతిలో ఉన్న పాట నాలుగు నిమిషాల నలభై. ప్యానెల్‌లోకి వచ్చి మూడు వారాలైన అమ్మాయికి చేతులు చల్లబడ్డాయి. పక్కన నిలబడ్డ సీనియర్ క్యాజువల్, తన డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లకుండా, ఆ పాట తీసేసి మూడు నిమిషాల పాట వెతికి ఇచ్చింది. మిగిలిన నిమిషానికి ఏం చేయాలో కాగితం మీద రాసి చూపించింది: పాట పేరు, పాడినవారు, సాయంత్రం కార్యక్రమం గురించి రెండు మాటలు, సమయం, స్టేషన్ పేరు. ‘తొందరపడొద్దు, ఊపిరి తీసుకో, చివరి పది సెకన్లు నేను వేళ్లతో చూపిస్తా’ అంది. ఐదు వేళ్లు, నాలుగు, మూడు. ఫేడర్ కిందికి దిగింది, విజయవాడ లైన్ పైకి లేచింది, ప్రాంతీయ వార్తలు మొదలయ్యాయి. ఇద్దరూ లాగ్‌బుక్ తెరిచి సమయం రాశారు.